కళ్లు మూసుకోమంటే పిల్లలు ఏడుస్తున్నారు. బొమ్మలు వేయించొచ్చా?

సుద్దముక్క · ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. పొడుగైతే ఏమనుకోకండి.

నేను ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్‌ని. మూడు వారాల కిందట మా క్లాసులో ఒక బాబు రోడ్డు ప్రమాదంలో పోయాడు. శుక్రవారం సాయంత్రం బ్యాగు ఒక భుజానికే తగిలించుకుని "టాటా టీచర్" అంటూ వెళ్లినవాడు సోమవారానికి లేడు. ఇప్పుడు క్లాసులో 33 మంది. వాడి బెంచీ మూడో వరసలో కిటికీ పక్కన ఉంది. అందులో ఎవరూ కూర్చోరు. దాని పక్కగా నడవాల్సి వచ్చినా ఒళ్లు దగ్గరికి లాక్కుని వెళ్తారు.

స్కూలువాళ్లు ఒక కౌన్సెలర్‌ని పిలిపించారు. ఆయన ఓ గంట ఉన్నారు. అందరినీ కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నారు. తర్వాత "మీ స్నేహితుణ్ణి వెలుగులో చూడండి" అన్నారు. రెండు నిమిషాలైనా కాలేదు, ఇద్దరు ఆడపిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. వాడి పక్కన కూర్చునే పిల్లాడు లేచి బయటికి పరిగెత్తాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లాడు రాత్రిళ్లు లైటు వేసుకునే పడుకుంటున్నాడని వాళ్లమ్మ చెప్పింది.

నా సంగతి ఏం చెప్పను. హాజరు పిలుస్తుంటే ఆ నంబరు దగ్గర నాలుక ఆగిపోతుంది. 17 అయ్యాక 19.

వారానికి ఒక డ్రాయింగ్ పీరియడ్ నా చేతిలో ఉంది. బొమ్మలు వేస్తే మనసు తేలికవుతుందని అంటారు కదా. కానీ నాకు బొమ్మలు రావు, ఈ విషయంలో శిక్షణా లేదు. మానుతున్న పుండు కెలుకుతానేమోనని భయం. ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

మౌనంగా · రాత్రి 10:58

చదివాను. ఏం రాయాలో తెలియట్లేదు. ఇక్కడే ఉన్నాను.

శ్వాసమీదధ్యాస · రాత్రి 11:20

టీచర్ గారూ, పన్నెండేళ్లుగా ధ్యానం చేస్తున్నవాణ్ణి. ధ్యానం తరఫున మీకు నేనే క్షమాపణ చెప్పుకోవాలేమో. కళ్లు మూసుకుంటే బయటి లోకం తగ్గి లోపలిది పెరుగుతుంది. లోపల భయం ఉన్నవాడికి అది గదిలో పెట్టి గడియ వేసినట్టే.

అమెరికాలో జాన్ కబట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ధ్యానం కోర్సు ఎనిమిది వారాలు నడుస్తుంది. అక్కడికి వచ్చింది తగ్గని నొప్పులతో విసిగిపోయిన పెద్దవాళ్లు. వారం వారం కొంచెం కొంచెంగా ఒంటిని, ఊపిరిని గమనించడం నేర్పేవారు. దాన్ని గంటలోకి కుదించి, అదీ దెబ్బ తగిలిన మూడు వారాలకే, పదమూడేళ్ల పిల్లలకు ఇస్తే ఇలాగే బెడిసికొడుతుంది.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడంతా అంటున్నారు గానీ నాకు 'ఎరుక' అన్న మాట చాలు. ఎరుకకి కళ్లు మూయాలన్న నియమం లేదు. అరికాళ్ల కింద నేల చల్లగా ఉందా, బెంచీ అంచు చేతికి ఎలా తగులుతోంది, ఇప్పుడు ఎన్ని చప్పుళ్లు వినబడుతున్నాయి, ఇవన్నీ కళ్లు తెరిచే చేయొచ్చు. ఒక్కటి మాత్రం ముందే చెప్పండి: ఇష్టం లేనివాళ్లు కిటికీలోంచి చూస్తూ కూర్చోవచ్చు అని. ఆ వీలు ఉందని తెలిస్తే చాలామంది దాన్ని వాడుకోరు కూడా.

అనుమానప్పక్షి · సోమవారం ఉదయం 7:05

ఆశల మీద నీళ్లు చల్లే మనిషినని ఇక్కడ నాకు పేరుంది. సరే, ఆ పనే చేస్తాను.

బ్రిటన్‌లో మిరియడ్ అని ఒక పెద్ద పరిశీలన జరిగింది. 85 స్కూళ్లు, 8,000 మందికి పైగా పిల్లలు. సగం స్కూళ్లలో టీచర్లకు శిక్షణ ఇచ్చి ఎరుక పాఠాలు చెప్పించారు, మిగతా వాటిలో మామూలుగా చెప్పే పాఠాలే నడిచాయి. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలు పాఠాల కంటే ఎక్కువ మేలేమీ కనబడలేదు. పైగా అప్పటికే దిగులుకి దగ్గరగా ఉన్న పిల్లల్లో కొందరికి అది పడలేదేమోనన్న అనుమానం కూడా వచ్చింది. పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర సాధనే చేయలేదు.

బొమ్మల సంగతికొస్తే, "45 నిమిషాలు బొమ్మలేస్తే ఒత్తిడి హార్మోను తగ్గింది" అనే వార్త మీకు ఈపాటికి ఎవరో ఒకరు పంపే ఉంటారు. అది 2016లో వచ్చింది. అందులో పాల్గొన్నది 39 మంది పెద్దవాళ్లు. ముప్పాతిక మందిలో ఆ హార్మోను, కార్టిసాల్, తగ్గింది నిజమే, కానీ పోల్చి చూడటానికి బొమ్మలు వేయని గుంపు లేదు. ఊరికే 45 నిమిషాలు కూర్చున్నా తగ్గేదేమో. మిగతా పావు వంతు మందిలో తగ్గనేలేదు, కొందరికి పెరిగింది.

చేయొద్దనడం లేదు. "నయం చేస్తాను" అనుకుని క్లాసులోకి వెళ్లొద్దు అంటున్నాను.

రాత్రిడ్యూటీ · ఉదయం 8:31

పక్షిగారూ, పొద్దున్నే 39, 8,000 అంటూ లెక్కలు చెప్పకపోతే మీకు నిద్ర లేచినట్టుండదా? 😄

టీచర్ గారూ, నేను నర్సుని. నా మాట వినండి. రెండేళ్ల కిందట మా వార్డులో ఒక్క రాత్రిలో ముగ్గురు పోయారు. మర్నాడు మమ్మల్నందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, "ఏం చూశారో, ఏమనిపించిందో ఒక్కొక్కరే చెప్పండి" అన్నారు. నేను చూడనివి కూడా ఆ గదిలో విన్నాను. నా తల్లోకి ఇంకో రెండు దృశ్యాలు వచ్చి చేరాయి. వారం రోజులు నిద్ర లేదు.

తర్వాత తెలిసింది, ఈ పద్ధతి మీద 2002లోనే కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చేది) ఉందని. ఒక్క విడతలో అంతా చెప్పించి వదిలేస్తే తర్వాత వచ్చే మానసిక జబ్బు ఆగడం లేదు, బలవంతంగా చేయించడం మానేయాలి అని తేల్చారు. అందుకని "ప్రమాదం గురించి బొమ్మ వేయండి" అని మాత్రం అనకండి. "మీ బాధని బొమ్మగా వేయండి" అని అసలే వద్దు. అదీ చెప్పించడమే, నోటికి బదులు చేత్తో.

సుద్దముక్క · ఉదయం 8:50

అమ్మో. నిజం చెప్పాలంటే రేపటి పీరియడ్‌కి నేను రాసుకున్నది అదే, "నా స్నేహితుడు" అని శీర్షిక ఇచ్చి బొమ్మ వేయించడం. కొట్టేస్తున్నాను.

నీటిరంగు · మధ్యాహ్నం 1:15

నేను ఆర్ట్ థెరపిస్టుని. పదిహేనేళ్లుగా ఎక్కువగా పిల్లలతోనే పని. పొడుగ్గా రాస్తాను.

ముందుగా మీకో బరువు దించుతాను. మీరు థెరపీ చేయనక్కర్లేదు, చేయకూడదు కూడా. ఆర్ట్ థెరపీ అన్న పేరు 1942లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు పెట్టాడు. ఆయనకి క్షయ వచ్చి శానిటోరియంలో మంచం పట్టినప్పుడు, బొమ్మలు వేస్తూ రోజులు ఎలా గడిచాయో చూసుకుని పక్క మంచాలవాళ్ల చేత కూడా వేయించాడు. మొదట్లో అది ఒక జబ్బు మనిషి ఇంకో జబ్బు మనిషికి పెన్సిల్ అందించడమే. ఆ పెన్సిల్ అందించేపాటి పని ఎవరైనా చేయొచ్చు. ఆ తర్వాతది మాకు వదిలేయండి.

తెల్ల కాగితం ఇచ్చి "ఏదైనా వేయండి" అనకండి. స్వేచ్ఛ ఇస్తున్నామని మనం అనుకుంటాం, మనసు బాగోలేనివాడికి ఖాళీ కాగితం నుయ్యిలా కనిపిస్తుంది. 2005లో ఒక ప్రయోగం చేశారు. 84 మంది విద్యార్థులను కాసేపు ఆందోళన పడేలా చేసి, తర్వాత 20 నిమిషాలు రంగులు వేయించారు. కొందరికి మండలం (గుండ్రటి ముగ్గులాంటి నమూనా) గీసి ఉన్న కాగితం, కొందరికి గళ్ల నమూనా, కొందరికి ఉత్త కాగితం. నమూనా ఉన్న రెండు గుంపులకీ ఆందోళన బాగా దిగింది, ఉత్త కాగితం గుంపుకి అంతగా దిగలేదు. (పక్షిగారూ, చిన్న ప్రయోగమే, ఒప్పుకుంటాను. కానీ నేను గదిలో రోజూ చూసేదీ అదే.)

మరి ఏం వేయించాలి? ఎవరి చెయ్యి వాళ్లని చూసి వేయమనండి, కాగితం వైపు చూడకుండా. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టుకోవాలి. చూపు చిటికెన వేలి మొదట్లో మొదలుపెట్టి చర్మం అంచు వెంబడి చీమ పాకినంత నెమ్మదిగా కదలాలి. కళ్లు ఎంత కదిలితే కుడిచేతిలో పెన్సిల్ అంతే కదలాలి. నాలుగు నిమిషాలు చాలు. బొమ్మ ఘోరంగా వస్తుంది, అందరికీ. రావాలి కూడా. బాగా వేసేవాడు, వేయలేనివాడు అన్న తేడా అక్కడితో పోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చూపుకి ఒక పని ఉంటుంది, చేతికి ఒక పని ఉంటుంది. నిన్న శ్వాసమీదధ్యాస గారు చెప్పిన ఎరుక ఇదే.

ఇక రెండో సంగతి, చాలా ముఖ్యమైనది. బొమ్మకి అర్థం చెప్పకండి. నల్లరంగు వాడితే దిగులు, తలుపు లేని ఇల్లు వేస్తే ఒంటరితనం, ఇలాంటి నిఘంటువు ఏదీ లేదు. చాలాసార్లు పక్కవాడు నీలం క్రేయాన్ లాక్కున్నాడు గనక నలుపు వాడతారు. "ఇదేంటి?" అని అడగొద్దు. "దీని గురించి ఏమైనా చెప్తావా?" అనండి, "లేదు" అంటే "సరే" అని ముందుకెళ్లండి.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఫ్రీడ్ల్ డిక్కర్-బ్రాండైస్ అని ఒక చిత్రకారిణి. 1942 చివర్లో నాజీలు ఆమెని తెరెజీన్ అనే నిర్బంధ పట్టణానికి పంపారు. అక్కడ ఆమె పిల్లలకి బొమ్మలు నేర్పింది. దొరికిన కాగితమల్లా వాడింది, ఆఫీసు ఫారాల వెనక పక్క కూడా. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కి పంపేసి చంపారు. వెళ్లేముందు ఆమె దాచిన రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 బొమ్మలు దొరికాయి. ఇప్పుడవి ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఏముంటాయో తెలుసా? పువ్వులు, ఇళ్లు, సీతాకోకచిలుకలు, గీతల వరసలు. "నీ భయాన్ని గియ్యి" అని ఆమె అడగలేదు. పదార్థాన్ని చూడమంది, లయ పట్టుకోమంది. ఇంకోటి, ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత వాళ్ల పేరు రాయించింది. అక్కడ వాళ్లకి మిగిలినవి నంబర్లే. మన వృత్తికి పునాది వేసినవాళ్లలో ఒకరైన ఈడిత్ క్రామర్ ఆమె శిష్యురాలే.

ఆఖరుగా, పిల్లల్లో ఎవరైనా చచ్చిపోవాలని ఉందన్నా, తిండి, నిద్ర వారాల తరబడి పాడైనా, ప్రమాదం మళ్లీ మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టు ఉందన్నా, అది డ్రాయింగ్ పీరియడ్ పని కాదు. వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పి మానసిక వైద్యుల దగ్గరికి పంపండి. లైటు వేసుకుని పడుకుంటున్న బాబుని ఇప్పుడే ఒకసారి చూపించమంటాను.

సుద్దముక్క · సాయంత్రం 5:40

ఫోన్లో చదివి, మళ్లీ కాగితం మీద రాసుకున్నాను. బాబు వాళ్లమ్మతో మాట్లాడాను, గురువారం తీసుకెళ్తున్నారు. థాంక్స్ అన్న మాట చాలట్లేదు మేడం.

రంగులబాబాయ్ · రాత్రి 9:12

టీచర్ గారూ, పిల్లలు వేసిన బొమ్మలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రంగులను బట్టి ఎవరి మనసులో ఏముందో నేను చెప్పేస్తాను. ఇరవై ఏళ్ల అనుభవం. ఎరుపు ఎక్కువుంటే కోపం, మూలకి చిన్నగా వేస్తే ఆత్మవిశ్వాసం లేదని అర్థం.

నీటిరంగు · రాత్రి 9:20

దయచేసి పెట్టకండి.

అనుమానప్పక్షి · రాత్రి 9:24

బాబాయ్, నేను ఎప్పుడూ కాగితం మూలకే రాస్తాను. మా ఇంట్లో కాగితం వృథా చేస్తే తిట్టేవాళ్లు.

రంగులబాబాయ్ · రాత్రి 9:31

అనుభవాన్ని ఎగతాళి చేయడం తేలిక. సాయం చేద్దామనే కదా అన్నాను.

నిర్వాహకుడు · రాత్రి 9:45

మైనర్ల బొమ్మలు, వివరాలు ఇక్కడ పెట్టడం నిషేధం. ఉద్దేశం మంచిదైనా సరే. చర్చ కొనసాగించండి.

సుద్దముక్క · మంగళవారం రాత్రి 10:10

ఈరోజు చేశాం.

ముందే చెప్పాను, "ఇది మార్కుల కోసం కాదు, వేయడం ఇష్టం లేనివాళ్లు ఊరికే కూర్చోవచ్చు" అని. నలుగురు ఊరికే కూర్చున్నారు. మిగతావాళ్లు చెయ్యి బల్ల మీద పెట్టారు. నేనూ కూర్చున్నాను. బోర్డు దగ్గర నిలబడి చెప్పడం వేరు, వాళ్ల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని వేయడం వేరు.

నా బొటనవేలి గోరు పక్కన ఒక చిన్న మచ్చ ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. నలభై ఏళ్లుగా ఈ చెయ్యి నా కళ్లముందే ఉంది, ఒక్కసారీ చూడలేదు. ఆ మచ్చ చుట్టూ పెన్సిల్ తిప్పుతున్నంతసేపు తల్లో ఏమీ లేదు. మూడు వారాల్లో ఏమీ లేని నిమిషం అదొక్కటే.

ఆపమనగానే కాగితాలు చూసుకున్నారు. ఒకడికి ఏడు వేళ్లు వచ్చాయి. పక్కవాడికి చెయ్యి బదులు దుంపలాంటిదేదో వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు, క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు రెండు సెకన్లలో ఆగిపోయింది. నవ్వామేమిటా అన్నట్టు అందరూ ఆ బెంచీ వైపు చూశారు. నాకేం అనాలో తోచలేదు. "వాడుంటే ఎనిమిది వేళ్లు వేసేవాడు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఒకమ్మాయి ఏడ్చింది, కానీ ఏడుస్తూనే "తొమ్మిది" అంది.

మౌనంగా · రాత్రి 10:19

తొమ్మిది. 🙏

శ్వాసమీదధ్యాస · రాత్రి 10:30

మీరూ వాళ్లతో కూర్చుని వేశారు చూడండి, నాకు అది బాగా నచ్చింది.

నిన్నటివాన · బుధవారం తెల్లవారుజామున 4:47

ఈ చర్చ రాత్రంతా చదివాను. ఇందులోకి రావాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

ఆరేళ్ల కిందట మా అమ్మాయి పోయింది. ఏడో తరగతి. వారం తిరక్కుండానే స్కూలు నుంచి ఒక పెద్ద కార్డు వచ్చింది. క్లాసు పిల్లలందరూ బొమ్మలు వేసిన కార్డు. తలుపు తీయగానే చేతిలో పెట్టి, ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. ప్రేమతోనే చేశారు, నాకు తెలుసు. కానీ తెరిస్తే ప్రతి బొమ్మలోనూ అమ్మాయికి రెక్కలున్నాయి. మా అమ్మాయికి రెక్కల్లేవు. చేతులున్నాయి, మోచేతి మీద సైకిల్ మీంచి పడ్డ గీత ఉంది. ఆ కార్డు బీరువా మీద పెట్టేశాను. రెండేళ్లు మళ్లీ తీయలేదు.

టీచరమ్మా, ఏం చేసినా ఆ తల్లిదండ్రుల్ని అడక్కుండా ఇంటికి పంపొద్దు. "ఇలాంటివి ఉన్నాయి, మీకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు ఇస్తాం, ఎప్పటికీ చూడకపోయినా ఫర్వాలేదు" అని చెప్పండి. పిల్లల్ని వాణ్ణి దేవుణ్ణి చేయనివ్వకండి. వాడు ఎవరి పెన్సిల్ కొట్టేసేవాడో, ఏ పాటని తప్పుగా పాడేవాడో, అవి కావాలి నాలాంటివాళ్లకి.

నా సంగతి ఒకటి చెప్తాను. ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి తెలుగు నోటుబుక్కు నా దగ్గరుంది. రోజూ పొద్దున్నే ఒక పేజీ మీద పలచటి ట్రేసింగ్ కాగితం పెట్టి, దాని అక్షరాల మీదుగా పెన్సిల్‌తో వెళ్తాను. పది నిమిషాలు. దాని 'ళ'కి తోక మరీ పొడుగు, కింది గీత దాటి తర్వాతి వాక్యంలోకి దూరేది. టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టి వదిలేసేది. ఆ తోక దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి కూడా దానిలాగే విసురుగా తిరుగుతుంది ఇప్పుడు. మొదట్లో ఏడ్చేదాన్ని. ఈమధ్య ఏడవడం లేదు, ఏడవనందుకు బెంగగా ఉంటుంది కొన్ని రోజులు. దీన్ని ధ్యానం అంటారో, చిత్రకళ అంటారో, పిచ్చి అంటారో నాకు తెలియదు.

నీటిరంగు · ఉదయం 6:30

అమ్మా. పిచ్చి కాదు. ఇంతకంటే ఏమీ రాయలేకపోతున్నాను ఇప్పుడు.

రంగులబాబాయ్ · ఉదయం 7:15

అక్కా, మీరు రాసింది చదివాక నేను మొన్న పెట్టిన మాట నాకే చిన్నతనంగా ఉంది. మన్నించండి అందరూ.

అనుమానప్పక్షి · ఉదయం 7:40

దీని మీద నా దగ్గర లెక్కలేమీ లేవు.

రాత్రిడ్యూటీ · ఉదయం 9:02

నిన్నటివాన అక్కా, మీ మాట చదువుతుంటే గుర్తొచ్చింది. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం ఉంది, 1982లో కట్టారు. నమూనా గీసినప్పుడు మాయా లిన్ ఇంకా కాలేజీ విద్యార్థిని, 21 ఏళ్లు. ఆమె గీసినదాంట్లో విగ్రహాల్లేవు, గుర్రాల్లేవు. నున్నటి నల్లరాయి మీద 58,000కు పైగా పేర్లు, చనిపోయిన వరసలో. అక్కడికి వచ్చే మనుషులు చేసే పని ఒకటి ఉంది. తమవాళ్ల పేరు వెతుక్కుని, దాని మీద కాగితం అదిమిపెట్టి, పెన్సిల్‌తో రుద్దుతారు. పేరు కాగితం మీదికి వస్తుంది. అది పట్టుకుని ఇంటికి పోతారు. మీరు చేసేదీ దాదాపు అదే. నాకెందుకో ఆ రుద్దడంలోనే ఏదో ఉందనిపిస్తుంది, చదవడం కంటే, తాకడం కంటే కూడా.

అందరూ కలిసి ఒకటి చేయాలనుకుంటే ఎయిడ్స్ స్మారక బొంత కూడా గుర్తు చేసుకోండి. 1987 అక్టోబరులో మొదటిసారి పరిచినప్పుడు 1,920 ముక్కలు. ఒక్కో ముక్క 3 అడుగులు బై 6 అడుగులు, అంటే ఇంచుమించు ఒక సమాధి అంత. ఒక్కో మనిషి కోసం వాళ్లవాళ్లు ఇంట్లో కుట్టుకుని తెచ్చినవే. ఎవరి దుఃఖం వాళ్లే కుట్టుకున్నారు, అంచులు మాత్రం కలిపారు. అందరి చేతా ఒకే పెద్ద బొమ్మ వేయిస్తే గట్టిగా మాట్లాడే నలుగురి బొమ్మే అవుతుంది.

సుద్దముక్క · 14 రోజుల తర్వాత

చాలా రోజులకి వచ్చాను. కొన్ని సంగతులు జరిగాయి.

రెండో వారం కూడా చేతి బొమ్మే వేశాం, ఈసారి కుడి చెయ్యిని చూస్తూ ఎడమ చేత్తో. మొదటిసారి ఊరికే కూర్చున్న నలుగురిలో ముగ్గురు వేశారు. నాలుగోవాడు లైటు వేసుకుని పడుకునే బాబు. వాణ్ణి డాక్టరుగారు చూశారు, మళ్లీ రమ్మన్నారు. వాడు కాగితం ముందు పెట్టుకుని పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాడు పీరియడంతా.

ఈలోగా ఆఫీసులో మాట వచ్చింది. సెలవుల్లో క్లాసు బెంచీలన్నీ నున్నగా రుద్ది రంగు వేయిస్తారట. ఆ బెంచీ అయితే ముందే తీసేద్దామా అని కూడా అడిగారు, పిల్లలు భయపడుతున్నారు కదా అని. నేను అవుననబోయాను. ఎందుకో ఒకసారి వెళ్లి ఆ బెంచీలో కూర్చున్నాను, మొదటిసారి. కిటికీ వైపు మూల, మోచెయ్యి ఆనే చోట, కంపాసు ముల్లుతో చెక్కి ఉంది. ఒక చేప. రెండంగుళాలు ఉంటుంది. ఒళ్లంతా పొలుసులు చెక్కాడు, ఒక్కొక్కటీ. తోక మాత్రం సగంలో ఆగిపోయింది. నేనే కదా కంపాసు లాక్కున్నది. ఆ రోజు గుర్తుంది నాకు. బల్ల పాడుచేస్తున్నావని తిట్టి, పీరియడ్ అంతా నిలబెట్టాను.

రాత్రిడ్యూటీ గారూ, అప్పుడు మీరు రాసింది గుర్తొచ్చింది.

మంగళవారం పిల్లలకి చూపించాను. పక్కన కూర్చునే బాబుకి ముందే తెలుసు, ఇంకెవరికీ తెలియదు. "ఎవరికైనా కావాలంటే దీన్ని కాగితం మీదికి తీసుకోవచ్చు" అన్నాను. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత ఆ బాబే లేచాడు. వాడి వంతు పూర్తయ్యాక పక్కకు జరిగి, కాగితం జారకుండా తర్వాతి పిల్ల కోసం పట్టుకున్నాడు. అలా ఒక్కొక్కరే వచ్చారు. కొందరు కూర్చుని, కొందరు వంగి. ఐదు వారాలుగా ఎవరూ తాకని బెంచీ చుట్టూ పీరియడ్ అయిపోయేసరికి గుంపు. 33 మందిలో 29 మంది తీసుకున్నారు. ఒకే చేప, కానీ ఏ రెండూ ఒక్కలా రాలేదు. గట్టిగా రుద్దినవాళ్లకి పొలుసులు తెల్లగా మెరిశాయి, మెల్లగా రుద్దినవాళ్లకి నీళ్ల అడుగున ఉన్నట్టుంది.

తోక పూర్తి చేద్దామా అని ఒకడు అడిగాడు. "వద్దురా" అని నాలుగైదు గొంతులు ఒకేసారి. ఆ సంగతి నేను తేల్చాల్సిన పని లేకపోయింది.

నేనూ ఒకటి తీసుకున్నాను. సాయంత్రం అందరూ వెళ్లాక.

నిన్నటివాన · అదే రోజు రాత్రి

వాళ్లమ్మకి చెప్పావా తల్లీ?

సుద్దముక్క · మర్నాడు

చెప్పానమ్మా. మీరు రాసిన మాటలే దాదాపు అలాగే చెప్పాను. బొమ్మ పంపలేదు, బెంచీ మీద చేప ఉందని మాత్రం చెప్పాను. నేనే కంపాసు లాక్కున్నానని కూడా చెప్పాను, అది చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంట్లో మంచం కోడు మీద కూడా ఒకటి ఉందండీ, దానికి తోక ఉంది" అన్నారు.

శనివారం వస్తామన్నారు, స్కూల్లో ఎవరూ లేనప్పుడు. బెంచీ తీయొద్దని, రంగు వేయొద్దని ఆఫీసులో రాసిచ్చాను. ఒప్పుకున్నారు, ఈ ఏడాదికి.

అనుమానప్పక్షి · అదే రోజు

టీచర్ గారూ, నేనూ ఒక పిల్లాడి తండ్రినే. మా బాబు క్లాసులోనూ పోయిన నెల ఒక అమ్మాయి పోయింది, జబ్బు చేసి. అందుకే మొదటి రోజు నుంచీ ఇది చదువుతున్నాను, చెప్పలేదు. వాళ్ల టీచరుకి మీ సంగతి చెప్తే ఎలా చేయించారో అడిగి రమ్మన్నారు. ఏ కాగితం, ఏ పెన్సిల్?

సుద్దముక్క · అదే రోజు రాత్రి

అయ్యో, ముందే చెప్పాల్సింది మీరు.

డ్రాయింగ్ కాగితం పనికిరాదు, మందం. టైపు కాగితం కన్నా పలచనిది అయితే మంచిది. పెన్సిల్‌తో మొదట ప్రయత్నించాం, ముక్కు దిగబడి రెండు కాగితాలు చిరిగాయి. మైనం క్రేయాన్ తీసుకుని, పైన చుట్టిన కాగితం పూర్తిగా ఒలిచేసి, అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. కాగితం నాలుగు మూలలా టేపు వేయకండి, ఒకరి చేత పట్టించండి. మొదట చాలా తేలిగ్గా, ఒకే వైపుకి. ఆకారం ఎక్కడుందో తెలిశాక అప్పుడు కొంచెం బరువు పెట్టొచ్చు.

అమ్మాయి చేత్తో చేసింది ఏదీ మీకు కనబడకపోతే దేన్నో ఒకదాన్ని తెచ్చి పెట్టకండి. పిల్లలకి తెలిసే ఉంటుంది ఎక్కడుందో, అడిగితే చెప్తారు.